సువార్త విననివారి రక్షణ

సువార్త చెవిన పడకుండానే చనిపోయినవారి గతి ఏమిటన్నది క్రైస్తవ వేదాంతంలో రెండో శతాబ్దం నుంచీ తెగని చర్చ. చిక్కు బైబిల్లోనే ఉంది. క్రీస్తు ద్వారా తప్ప రక్షణ లేదని అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయం అంటుంది. అందరూ రక్షణ పొందాలన్నదే దేవుని చిత్తమని తిమోతికి రాసిన మొదటి పత్రిక అంటుంది. ఈ రెండింటినీ ఒక్కచోట నిలబెట్టలేక వేదాంతులు తరతరాలుగా తంటాలు పడ్డారు.

తొలినాటి పండితుల్లో ఉదారులు లేకపోలేదు. దైవవాక్కు ప్రకారం బతికిన సోక్రటీస్, హెరాక్లిటస్ లాంటివారు క్రీస్తుకు ముందే పుట్టినా క్రైస్తవులేనన్నాడు జస్టిన్. క్రీస్తు పాతాళానికి దిగి అక్కడున్న మృతులకూ సువార్త ప్రకటించాడని, పేతురు మొదటి పత్రికను ఆధారం చేసుకుని అలెగ్జాండ్రియా క్లెమెంట్ వాదించాడు. అయితే మూడో శతాబ్దంలో కార్తేజ్ బిషప్ సిప్రియన్ సంఘం వెలుపల రక్షణ లేదన్నాడు. ఆయన ఆ మాట అన్నది సంఘాన్ని చీల్చి వెళ్లినవారిని ఉద్దేశించి. తర్వాతి తరాలు దాన్ని సువార్త పేరే ఎరగని జనానికీ వర్తింపజేశాయి. ఆదాము పాపం అందరికీ సంక్రమించింది కనుక విననివారికి శిక్ష పడినా అది న్యాయమేనని అగస్టీన్ (354-430) తేల్చాడు. 1442లో ఫ్లోరెన్స్ మహాసభ ఈ కఠిన వైఖరినే అధికారికం చేసింది.

మధ్యయుగపు ఐరోపాకు ఇది దాదాపు ఊహా ప్రశ్న. సువార్త లోకమంతటా చేరిపోయిందనే నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది. అందుకే వేదాంతి థామస్ అక్వినాస్ అడవిలో మృగాల మధ్య పెరిగిన ఒకే ఒక్క మనిషిని ఉదాహరణగా తీసుకున్నాడు. అతడు మనస్సాక్షిని అనుసరించి నడుచుకుంటే, బైబిల్లో రోమా శతాధిపతి కొర్నేలీ దగ్గరికి పేతురును పంపినట్టే దేవుడు అతడి దగ్గరికీ బోధకుణ్ని పంపుతాడు, లేదా లోలోపలే సత్యం తెలియజేస్తాడు అన్నాడు. డాంటే మాత్రం తన కావ్యంలో సింధు నది ఒడ్డున పుట్టి, క్రీస్తు మాటే వినకుండా మంచిగా బతికి చనిపోయిన మనిషి సంగతేమిటని నిలదీశాడు.

1492లో కొలంబస్ అమెరికా తీరం చేరాక అక్వినాస్ ఊహించిన ఆ ఒక్క మనిషి స్థానంలో ఒక ఖండమే వచ్చి నిలబడింది. సలమాంకా ఆచార్యుడు ఫ్రాన్సిస్కో దె విటోరియా 1539 ఉపన్యాసాల్లో, విననివారికి అవిశ్వాస దోషం అంటదని స్పష్టంగా చెప్పాడు.

ప్రశ్న కన్నీళ్లుగా మారింది జపాన్‌లో. 1549లో అక్కడ అడుగుపెట్టిన జెసూట్ మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్‌ను యామగుచి ప్రజలు, దేవుడు అంత మంచివాడైతే ఇన్నాళ్లూ మాకెందుకు తెలియపరచలేదని అడిగారు. హత్య, దొంగతనం తప్పని చైనా నుంచి శాస్త్రాలు రాకముందే మీకు తెలుసు కదా, దేవుని ధర్మం హృదయాల్లోనే రాసి ఉంది అని జవాబిచ్చాడాయన. వారికి ఆ తర్కం నచ్చింది. కానీ నరకంలో ఉన్న మా తాత ముత్తాతలను దానధర్మాలతో, ప్రార్థనలతో విడిపించలేమా అని అడిగినప్పుడు, విడిపించలేరన్నాడు. వాళ్లు ఏడ్చారు. వారి దుఃఖం చూసి తనకూ బాధ కలిగిందని 1552 జనవరిలో కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరంలో జేవియర్ చెప్పుకున్నాడు. ఈ చర్చ మొత్తంలో ఇంతకన్నా నిజాయితీ గల పత్రం మరొకటి దొరకడం కష్టం.

ప్రొటెస్టెంట్లలోనూ ఏకాభిప్రాయం లేదు. స్విస్ సంస్కర్త జ్వింగ్లీ హెర్క్యులిస్‌నూ, సోక్రటీస్‌నూ పరలోకవాసుల జాబితాలో చేర్చితే లూథర్ మండిపడ్డాడు. పంతొమ్మిదో శతాబ్దపు మిషనరీ ఉద్యమానికి, విననివారు నశిస్తున్నారన్న ఆందోళనే పెద్ద చోదకశక్తి.

కతోలిక సంఘం మెల్లగా పట్టు సడలించింది. తమ తప్పు లేకుండానే సత్యం తెలియనివారి సంగతి వేరని 9వ పయస్ పోప్ 1863లో రాశాడు. సంఘం వెలుపల రక్షణ లేదన్నదాన్ని అక్షరాలా పట్టుకున్న అమెరికన్ ఫాదర్ లియొనార్డ్ ఫీనీకి 1949లో రోమ్ నుంచి మందలింపు వచ్చింది. రోమ్‌కు రమ్మంటే వెళ్లనందుకు 1953లో వెలివేశారు. 1964లో రెండో వాటికన్ మహాసభ, దేవుణ్ని నిష్కపటంగా వెదికి మనస్సాక్షి ప్రకారం నడిచేవారు రక్షణ పొందగలరని ప్రకటించింది. అలాంటివారిని పేరులేని క్రైస్తవులన్నాడు కతోలిక వేదాంతి కార్ల్ రానర్. అడగకుండానే తగిలించిన ఆ పేరు హిందువులకో, బౌద్ధులకో గౌరవంగా తోస్తుందా అన్న విమర్శ న్యాయమైనదే.

ఈ చర్చలో తెలుగువాడి గొంతూ ఉంది. 1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో ప్రపంచ మిషనరీ సదస్సు జరిగింది. దానికోసం డచ్ పండితుడు హెండ్రిక్ క్రేమర్ రాసిన పుస్తకం, క్రైస్తవ ప్రత్యక్షతకూ ఇతర మతాలకూ మధ్య దాటరాని గోడ కట్టింది. నెల్లూరులో పుట్టిన న్యాయకోవిదుడు పాండిపెద్ది చెంచయ్య ఆ వాదాన్ని గట్టిగా ఎదిరించాడు. హిందువు క్రీస్తును తన సంప్రదాయం వెలుగులో అర్థం చేసుకోవచ్చన్నది ఆయన పట్టు.

ఇవాంజెలికల్ ప్రొటెస్టెంట్ వర్గాల్లో 1974 నాటి లొసాన్ సదస్సు ఒడంబడిక క్రీస్తు ఒక్కడే రక్షకుడని నొక్కి చెప్పింది. 1992లో అదే వర్గపు వేదాంతులు క్లార్క్ పినాక్, జాన్ శాండర్స్ విననివారి పట్ల ఆశాభావంతో చెరో పుస్తకం రాసి దుమారం రేపారు. సువార్త వినే అవకాశమే లేని మరో వర్గం, బాప్తిస్మం పొందకుండా చనిపోయిన పసిబిడ్డలు; వారి విషయంలో వాటికన్ వేదాంత సంఘం 2007లో ఒక పత్రం వెలువరించింది. వారికి రక్షణ ఉందని ఆశించడానికి బలమైన ఆధారాలున్నాయనీ, నిశ్చయంగా మాత్రం చెప్పలేమనీ అందులో ఉంది.