సర్వపిండి

సర్వపిండి తెలంగాణలో బియ్యపు పిండితో చేసే ఒక కారపు పిండివంట. పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయలు, కూరగాయల తురుము కలిపి, ఆ ముద్దను లోతైన పాత్ర లోపల పలుచగా అద్ది, మూతపెట్టి సన్నని మంటపై కాలుస్తారు. సిద్దిపేట జిల్లాలోని కొమురవెల్లి పరిసరాలతో పాటు వరంగల్, కరీంనగర్ ప్రాంతాలలో ఇది బాగా తెలిసిన వంటకం. గుండ్రని ఆకారం వలన, పైన కనిపించే పప్పు, కూరగాయల వలన దీనిని కొందరు "తెలంగాణ పిజ్జా" అని కూడా అంటారు. ఒక్కొక్కటిగా చేతితో అద్ది కాల్చవలసి ఉన్నందున, ఇంట్లో నలుగురూ చేయి వేస్తే గాని సులువుగా తెమలని వంట ఇది.

== పేరు ==
"సర్వ" అనగా గుండ్రని అడుగు గల లోతైన లోహపు పాత్ర. ఆ పాత్రలో కాల్చే పిండివంట కనుక సర్వపిండి అని పేరు వచ్చింది. కొన్నిచోట్ల దీనిని సర్వప్ప అని, గిన్నెలో చేస్తారు కనుక గిన్నప్ప అని అంటారు. తపాలచెక్క అనే పేరు కూడా వాడుకలో ఉంది. ఈ పేర్లన్నీ పిండిని బట్టి గాక పాత్రను బట్టి ఏర్పడినవి కావడం గమనించదగిన విషయం.

== కావలసిన పదార్థాలు ==
సుమారు నాలుగు సర్వపిండులకు:
* బియ్యపు పిండి – 2 కప్పులు
* సొరకాయ (ఆనపకాయ) తురుము – 1 కప్పు
* శనగపప్పు – 2 పెద్ద చెంచాలు (గంటసేపు నానబెట్టినది)
* పల్లీలు – పావు కప్పు (వేయించి, కచ్చాపచ్చాగా దంచినవి)
* నువ్వులు – 2 పెద్ద చెంచాలు
* ఉల్లిపాయ – 1, లేదా ఉల్లికాడలు – ఒక గుప్పెడు
* అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి ముద్ద – తగినంత
* జీలకర్ర, కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు, నూనె – తగినంత

సొరకాయకు బదులుగా క్యారట్ తురుము గాని, సన్నగా తరిగిన మెంతికూర గాని వేయవచ్చును. బియ్యపు పిండి బదులు జొన్నపిండితో కూడా ఈ వంటకం చేస్తారు.

== తయారుచేయు విధానం ==
# నూనె, నీరు మినహా మిగిలిన పదార్థాలన్నిటిని పిండిలో వేసి పొడిగానే బాగా కలపాలి. సొరకాయలోని తడి పిండికి పడుతుంది.
# తరువాత వేడినీటిని కొద్దికొద్దిగా చల్లుతూ మెత్తని ముద్దగా చేయాలి. గోధుమపిండిలో ఉండే జిగురు (గ్లూటెన్) బియ్యపు పిండిలో ఉండదు. వేడినీటి వలన బియ్యంలోని పిండిపదార్థం కొంత ఉబ్బి, ముద్ద విరగకుండా నిలుస్తుంది.
# పాత్ర లోపల నూనె రాసి, ముద్దను అడుగున పెట్టి, తడిచేతితో గోడల వైపు పలుచగా అద్దుకుంటూ పోవాలి.
# వేలితో నాలుగైదు రంధ్రాలు చేసి, వాటిలోను అంచుల వెంబడి కొద్దిగా నూనె వేయాలి. ఈ రంధ్రాల ద్వారా నూనె అడుగుకు చేరుతుంది, ఆవిరి బయటకు పోతుంది.
# మూతపెట్టి సన్నని మంటపై 10 నుండి 15 నిమిషాలు కాల్చాలి. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, పైభాగం ఆవిరికి మెత్తగా ఉడికి ఉండాలి. మంట పెద్దదైతే లోపల ఉడకకముందే అడుగు మాడుతుంది.

కలిపిన ముద్దను ఎక్కువసేపు ఉంచరాదు. ఉప్పు వలన సొరకాయ నీరు వదిలి ముద్ద జారుగా మారుతుంది.

== ఇంటిల్లిపాది పని ==
ఈ వంటలో అసలు కష్టం పిండి కలపడంలో లేదు, పాత్రను చల్లార్చడంలో ఉంది. వేడి పాత్రలో పిండిని అద్దితే చేయి కాలుతుంది. పైగా పిండి పరచుకోకముందే గట్టిపడి చీలిపోతుంది. కావున ఒకటి దించిన తరువాత పాత్రను బోర్లించి, అడుగుపై నీళ్ళు పోసి చల్లార్చి, తుడిచి, మరల నూనె రాయాలి. ఒక్కొక్కదానికి కాల్చడానికి 15, చల్లార్చడానికి 5 నిమిషాల చొప్పున లెక్కించినా, ఒకే పాత్రతో నలుగురికి చేయడానికి 80 నిమిషాలు పడుతుంది. చేసేవారు ఒక్కరే అయితే వారు తినేది అందరికంటె చివర.

అందువలన రెండు మూడు పాత్రలను వంతులవారీగా వాడుతూ, పనిని పంచుకోవడం మేలు. పల్లీలు పొట్టు తీయడం, కరివేపాకు దూయడం పిల్లలు చేయగల పనులు. సొరకాయ తురమడం, ఉల్లికాడలు తరగడం ఒకరు, పిండి అద్దడం మరొకరు, పొయ్యి దగ్గర మంట చూడడం, పాత్రలు చల్లార్చడం వేరొకరు చూసుకుంటే అందరూ కలిసి వేడిగా తినవచ్చును. ఉప్పూ కారమూ పిండిలోనే ఉంటాయి కనుక వేరే కూర అవసరం లేదు. కొందరు పెరుగుతో తింటారు.

== కొమురవెల్లి ప్రాంతంలో ==
కొమురవెల్లి 2016 వరకు వరంగల్ జిల్లా చేర్యాల మండలంలోని గ్రామం. ఆ సంవత్సరం జరిగిన జిల్లాల పునర్విభజనలో సిద్దిపేట జిల్లాలో చేరి, మండల కేంద్రమైంది. ఇక్కడి మల్లికార్జునస్వామి (కొమురవెల్లి మల్లన్న) జాతర సంక్రాంతి నుండి ఉగాది వరకు ఆదివారాలలో జరుగుతుంది. జాతరకు కుటుంబాలతో వచ్చే భక్తులు కొత్తకుండలో బోనం వండి స్వామికి సమర్పిస్తారు. సర్వపిండి ఇటువంటి నైవేద్యం కాదు, నిత్యజీవితంలోని ఇంటి వంట. అయితే బోనం వలెనే దీనికి కూడా పొయ్యి, ఒక పాత్ర, చుట్టూ పని అందుకొనే మనుషులు ఉంటే చాలు.

== చరిత్ర, పోషక విలువలు ==
సర్వపిండిలో ముఖ్యమైన మిరప, వేరుశనగ రెండూ అమెరికా ఖండాలకు చెందిన పంటలు. మిరపను పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో భారతదేశానికి తెచ్చారు. కావున ఈ వంటకపు నేటి రూపం అంతకంటె ప్రాచీనమైనది కాజాలదు. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, శనగపప్పులో ఎక్కువ. రెండింటినీ కలిపి తినడం వలన మాంసకృత్తుల నాణ్యత మెరుగుపడుతుంది.

== పిజ్జాతో పోలిక ==
పిజ్జా ఇటలీలోని నేపుల్స్ నగరంలో ప్రసిద్ధికెక్కిన వంటకం. అక్కడి పిజ్జా తయారీ కళను 2017లో యునెస్కో మానవాళి అగోచర సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పిజ్జాకు గోధుమపిండిని ఈస్టుతో పులియబెడతారు, సర్వపిండికి పులియబెట్టే పని లేదు. ఇంట్లో కూరగాయల పిజ్జా చేసేవారు వంకాయ, బెంగళూరు మిర్చి వంటి వాటిని ముందుగా నిప్పుపై కాల్చి పైన పరుస్తారు. లేకపోతే వాటి నీరు దిగి రొట్టె మెత్తబడుతుంది. సర్వపిండిలో ఇందుకు విరుద్ధంగా, కూరగాయ నీటినే పిండి కలపడానికి ఉపయోగించుకుంటారు.

== మార్పులు ==
గ్యాసుపొయ్యిలు, అంటుకోని పెనాలు వచ్చిన తరువాత చాలా ఇళ్ళలో సర్వపిండిని చదునైన పెనంపై చేస్తున్నారు. అరటాకుపై గాని, తడిగుడ్డపై గాని అద్ది వేడి పెనంపై వేయవచ్చును కనుక పాత్రను చల్లార్చే పని తప్పుతుంది, ఒక్కరే త్వరగా చేయగలరు. అయితే పాత్ర గోడల వెంట పలుచగా పైకి లేచి కరకరలాడే అంచు పెనంపై రాదు. పిండివంటల దుకాణాలలో కూడా ఇది అమ్మకానికి దొరుకుతున్నది. సర్వ వాడుక తగ్గినా, పిండివంట పేరులో అది నిలిచి ఉంది.

== ఇవి కూడా చూడండి ==
* సకినాలు
* దిబ్బరొట్టె
* బోనాలు
* కొమురవెల్లి మల్లికార్జునస్వామి దేవాలయం