క్రీతానుశయము

కొన్న వస్తువునందు దోషము బయటపడినపుడు కొన్నవాడు పడు పశ్చాత్తాపమునకు మన ధర్మశాస్త్రకారులు క్రీతానుశయమని పేరిడిరి. ఆ పశ్చాత్తాపమును వారు మనసులో నణచుకొనవలసిన దుఃఖముగా నెంచలేదు. రాజసభలో విచారింపదగిన పదునెనిమిది వ్యవహారపదములలో క్రయవిక్రయానుశయమును మనువు చేర్చెను. నేడు మానుకోటలోను, దాని చుట్టుపట్ల పల్లెలలోను, తండాలలోను, చేతిఫోనులో బొమ్మ చూచి సరకు తెప్పించుకొను గృహస్థులకు ఈ పేరు తెలియకపోవచ్చును. ఆ పశ్చాత్తాపము మాత్రము తెలియును. పెట్టె విప్పగా పగిలిన గిన్నెయో తిరుగని మిక్సీయో కనబడినచో, "మన ఖర్మ" యని దాని నటుకమీది కెక్కించి యూరకుండువారు మనలో ననేకులు. ఇట్లూరకుండుట శాంతగుణమని కొంద రనుకొందురు. మే మట్లు తలపము. కొన్నవాని మొర వినుట రాజధర్మమని మన దేశమున మిక్కిలి పూర్వమే నిర్ణయింపబడెననియు, నడుమ మరుగుపడిన యా ధర్మము మరల శాసనరూపమున మన గడపకు వచ్చియున్నదనియు చూపుటయే యీ వ్యాసోద్దేశము.

మొదట మన గ్రంథములను చూతము. కొని గాని అమ్మి గాని పశ్చాత్తాపపడినవాడు పది దినములలోపల ఆ వస్తువును తిరిగి యియ్యవచ్చును, పుచ్చుకొనవచ్చును అని మనువు విధించెను. కౌటిల్యుని యర్థశాస్త్రము వర్తకులకు ఒక రాత్రియు, కర్షకులకు మూడు రాత్రులును, పశుపాలకులకు ఐదు రాత్రులును అనుశయకాలముగా నేర్పరచినది. అమ్మిన సరకు నప్పగింపనివానికి పండ్రెండు పణముల దండనము చెప్పుచు, సరకునందు దోషమున్న సందర్భమును మినహాయించినది. యాజ్ఞవల్క్యు డింకను సూక్ష్మముగా నాలోచించెను. ఇనుమునకు ఒక దినము, పాడిపశువునకు మూడు, బరువుమోయు పశువునకు ఐదు, రత్నములకు ఏడు, విత్తనములకు పది దినములు పరీక్షాకాలమని యతడు చెప్పెను. ఇందలి న్యాయము స్పష్టము. ఇనుమును కొట్టి చూచిన నాడే దాని గుణము తెలియును. విత్తనము గుణము మొలక చూచిన గాని తెలియదు. దోషము బయటపడుటకు ఎంతకాలము పట్టునో అంతకాలము కొన్నవానికి గడువుండవలయునని యా ఋషి యభిప్రాయము.

నారదస్మృతిలోని రెండు విధులు మన కిప్పుడు మిక్కిలి పనికివచ్చునవి. కొన్నది తప్పుగా కొంటినని తలచినవాడు ఆనాడే దానిని చెడకుండ తిరిగి యియ్యవచ్చును. రెండవనాడిచ్చినచో వెలలో ముప్పదియవ వంతు వదలుకొనవలయును. మూడవనాడు దానికి రెట్టింపు. అటుపిమ్మట వస్తువు కొన్నవానిదే. ఇది మనసు మారినవాని సంగతి. రెండవ విధి మోసపోయినవానిది. నిర్దోషమైనదానిని చూపి దోషముగలదాని నిచ్చినవాడు వెలకు రెట్టింపు చెల్లించి, మరియు నంతయే దండుగ కట్టవలయునని నారదుడు శాసించెను. చూపునది యొకటి, యిచ్చునది యొకటి! ఫోనుతెరపై మెరయు బొమ్మల నెరుగని నారదుడు ఆ బొమ్మల చాటున జరుగదగిన మోసమును మాత్రము చక్కగా నెరిగియుండెను.

ఈ ధర్మములు మన ప్రాంతమునకు దూరమైనవి కావు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు కల్యాణపురమున 1076 మొదలు 1126 వరకు రాజ్యమేలిన చాళుక్య విక్రమాదిత్యుని కాలమువాడు. ఆనాడు అనుమకొండ నేలిన కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులు. 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమను పేర ఆ ధర్మశాస్త్రమును తెనుగు పద్యములలోనికి తెచ్చెను. అయినను పూర్వులను పొగడుటతోనే మన పని తీరదు. యాజ్ఞవల్క్యుని యదే పట్టికలో దాసీజనమునకు ఒక నెలయు, దాసులకు అర్ధమాసమును పరీక్షాకాలముగా నిర్ణయింపబడియున్నది. మనుష్యుని సరకుగా నెంచిన యా కాలపు పాపమును కప్పిపుచ్చరాదు. కౌటిల్యుని గడువులోను వర్ణభేదము చొచ్చినది. ఆ గ్రంథములనుండి మనము గ్రహింపదగినది, దోషము దాచి యమ్మినవాడే నష్టము భరింపవలెనను న్యాయము. విడువదగినది, ఆ న్యాయమును కులము చూచి కొలుచుట.

ఇంగ్లండున తోవ వేరు. కొనువాడే జాగ్రత్తపడవలెనను లాటిను సూత్ర మక్కడి న్యాయస్థానములలో చిరకాలము ప్రబలియుండెను. 1603 నాటి చాండెలర్, లోపస్ అనువారి వ్యాజ్యము ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనము. ఒక స్వర్ణకారుడు ఒక రాతిని విషహరమని నమ్మబడు బెజోవరు రాయి యని చెప్పి నూరు పౌన్ల కమ్మెను. అది యా రాయి కాదు. అమ్మినవాడు అట్లని చెప్పెనే గాని పూచీపడలేదు కావున కొన్నవానికి పరిహారము లేదని న్యాయాధిపతులు తీర్పు చెప్పిరి. ఈ కాఠిన్యము సడలుటకు దాదాపు మూడువందల యేండ్లు పట్టినది. 1893లో ఇంగ్లండునందును, 1930లో బ్రిటిష్ ఇండియాయందును వచ్చిన సరకుల విక్రయ చట్టములు, వర్ణనను నమ్మి కొన్న సరకు ఆ వర్ణనకు సరిపోవలయునని స్పష్టపరచినవి. కాని ఆ హక్కును రాబట్టుకొనుటకు సివిలు కోర్టున దావా వేయవలయును. ఐదు రూపాయల గడియారముకొరకు ఏబది రూపాయలు వకీలు కిచ్చువా డెవడు?

చూడకుండ కొనుట కూడ మనకు క్రొత్తగాదు. బ్రిటిష్ ఇండియాలో 1877లో వి.పి. పద్ధతి యేర్పడినది. దూరపు పట్టణమునుండి పార్సెలు వచ్చును. తపాలావాని చేతిలో పైకము పెట్టిన పిమ్మటనే దానిని విప్పవలయును. ఇప్పటి "సరకు చేతికందినపుడు సొమ్ము" అను పద్ధతికి ఇదియే పితామహి. 1898 నాటి తపాలా చట్టము, మోసము జరిగినచోట అట్లు వసూలైన సొమ్మును నిలిపి, పార్సెలు పుచ్చుకొన్నవానికి తిరిగి యిచ్చుటకు నియమములు చేయు నధికారమును సర్కారున కిచ్చినది. అమ్మువాడు కంటికి కానరాని వ్యాపారమున నడుమ నున్నవాడు చేతులు దులుపుకొనరాదను నూహ ఆనాటికే మొలకెత్తినదన్నమాట.

అమెరికా అధ్యక్షుడు కెనడీ 1962 మార్చి 15న తన దేశపు శాసనసభకు పంపిన సందేశమున కొనువారి హక్కులను ప్రకటించెను. మన దేశమున 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టము రాష్ట్రపతి యామోదము పొందినది. ఆ చట్టము విలువ తెలుగుదేశపు రైతులు తెచ్చిన యొక వ్యాజ్యమున బాగుగా తేలినది. జాతీయ విత్తన సంస్థ యమ్మిన విత్తనములు సరిగా మొలవక నష్టపోయిన రైతులు జిల్లా ఫోరముల నాశ్రయించిరి. అట్టి ఫోరములలో ఖమ్మము ఒకటి. నేటి మహబూబాబాదు జిల్లాలోని గార్ల, బయ్యారములు 2016 వరకు ఆ ఖమ్మము జిల్లాలోనివే. విత్తనములకు వేరు చట్టమున్నది కావున ఫోరమునకు అధికారము లేదనియు, రైతులు విత్తనములను పరీక్షాశాలకు పంపలేదనియు సంస్థ వాదించెను. 2012 జనవరి 16న సుప్రీముకోర్టు ఆ వాదములను త్రోసిపుచ్చినది. రైతు కొన్న విత్తనమంతయు చల్లును గాని పరీక్షకొరకు కొంత దాచి యుంచునని ఆశింపరాదని న్యాయమూర్తులు చెప్పిరి. విత్తనమునకు పది దినముల గడువిచ్చిన యాజ్ఞవల్క్యుని న్యాయదృష్టి, యింకను విశాలమై, ఆ తీర్పున మరల కనబడుచున్నది. పత్తి, మిరప పండించు మన ప్రాంతమున చెడువిత్తనమనగా ఒక వస్తువు పోవుట కాదు. ఒక కుటుంబపు సంవత్సరము పోవుట.

ఇక ఆన్‌లైను క్రయముల మాట. 1986 చట్టము ప్రకారము సాధారణముగ ఫిర్యాదు అమ్మినవాడున్న చోట, లేదా వ్యవహారము జరిగిన చోట చేయవలయును. బెంగుళూరు కంపెనీపై మానుకోట గృహస్థుడు పోరాడుటెట్లు? 2020 జూలైలో అమలునకు వచ్చిన 2019 నాటి క్రొత్త చట్టము ఈ చిక్కు విప్పినది. ఆన్‌లైనులో కొన్నవాడును వినియోగదారుడే యని చెప్పి, కొన్నవాడు నివసించుచోటనే ఫిర్యాదు చేయవచ్చునని విధించినది. 5 లక్షల రూపాయలవరకు చెల్లించిన సరకునకు రుసుము లేదు. వకీలును పెట్టుకొని తీరవలయునన్న నిర్బంధము లేదు. 2025 జనవరి 1న ఆరంభమైన ఈ-జాగృతి ద్వారా ఇంటనుండియే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. 2020 జూలై 23 నాటి ఈ-కామర్సు నియమములు, దోషముగల సరకును గాని, ప్రకటించిన గుణములు లేని సరకును గాని తిరిగి పుచ్చుకొని సొమ్మిచ్చుటకు అమ్మువాడు నిరాకరింపరాదని శాసించినవి. మొర విన్న 48 గంటలలో ముట్టినట్లు తెలిపి, నెలలోపల పరిష్కరించు నధికారిని కంపెనీ నియమింపవలయును.

నడుమనున్నవాని బాధ్యతకు ఒక యుదాహరణము. ఐ.ఎస్.ఐ. ముద్రకు తగిన ప్రమాణములు లేని ప్రెషరు కుక్కర్లను తమ అంగడిలో అమ్మనిచ్చినందులకు, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 ఆగస్టులో అమెజానునకును ఫ్లిప్‌కార్టునకును లక్షేసి రూపాయల జుల్మానా విధించి, అమెజాను ద్వారా పోయిన 2,265, ఫ్లిప్‌కార్టు ద్వారా పోయిన 598 కుక్కర్లను కొన్నవారికి తెలియజేసి, వెనుకకు తీసికొని, సొమ్ము తిరిగి యిమ్మని యాజ్ఞాపించెను. కంపెనీలు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించినవి. వంటింట ప్రేలదగిన వస్తువునకు "మేము కేవలము మధ్యవర్తులము" అను మాట చాలదని ఆ సంస్థ తలచుట గమనింపదగినది.

ఇచ్చట చదువరు లొక భేదమును గుర్తింపవలయును. "ఏడు దినములలో తిరిగి పుచ్చుకొందుము" అని కంపెనీ వ్రాయు గడువు కంపెనీ యేర్పరచుకొన్నది. ఫిర్యాదునకు చట్టమిచ్చిన గడువు రెండు సంవత్సరములు. ఒక గృహిణి తెప్పించిన మిక్సీ ఇరువదవనాడు కాలిపోయినదనుకొందము. కంపెనీ తెరపై "గడువు ముగిసినది" అని కనబడినంతమాత్రమున ఆమె హక్కు ముగియలేదు. అది తయారీలోని దోషమైనచో ఆమె వ్రాతమూలముగ అడుగవచ్చును. 1915 అను నెంబరునకు ఫోను చేయవచ్చును. అప్పటికిని తీరకున్న జిల్లా కమిషనునకు పోవచ్చును. మూడు నెలలలో తీర్ప యత్నింపవలయునని చట్టము చెప్పినను అంతకు మించి సాగు వ్యాజ్యములును కలవు. కాబట్టి ఓర్పు వలయును, ఆధారములును వలయును. బిల్లు, పెట్టెమీది చీటి, సరకు విప్పినప్పటి ఫొటో, జరిగిన యుత్తరప్రత్యుత్తరములు భద్రపరచుట ఇంటి పద్దు వ్రాసికొనుటవంటి యలవాటు కావలయును. కొన్నవానికిని ధర్మము కలదు. పెండ్లికి కట్టుకొన్న చీరను మరునాడు దోషమున్నదని త్రిప్పి పంపువాడు, నారదుడు "చెడకుండ" అని పెట్టిన నియమమును మీరినవాడు. నిజముగ మోసపోయిన పొరుగువాని మొరను గూడ శంకపాలు చేయువాడు.

హక్కుల కాగితము ఇంగ్లీషున నుండి, కొనువారు తెలుగో లంబాడీ భాషయో మాటాడువారైనచోట, చట్టము పుస్తకములోనే నిలిచిపోవును. చదువుకొన్న కుటుంబములు తమ ఇరుగుపొరుగున నొక ఫిర్యాదు వ్రాసిపెట్టినను, పాఠశాలలలో పెద్దపిల్లలచేత ఒక బిల్లు చదివించి దానిలో నేమి యుండవలయునో చెప్పించినను, అది చిన్న యుపకారము కాదు. అటుకమీది మిక్సీని క్రిందికి దింపి, దాని బిల్లు వెదకుటతో నీ పని మొదలుపెట్టవచ్చును.