వృద్ధ మహిళల నిద్రలేమి: ప్రశ్నావళి చరిత్ర, తెలుగు మాట

ప్రవేశిక

నిద్ర ప్రయోగశాలలోని యంత్రాలు మెదడు తరంగాలను నమోదు చేయగలవు. నిద్ర చాలలేదన్న బాధను మాత్రం మనిషే చెప్పాలి. అందువల్ల నిద్రలేమిని కొలవడంలో ప్రశ్నావళి ప్రధాన సాధనమైంది.

ప్రశ్నావళుల పరిణామం

1989లో పిట్స్‌బర్గ్ నిద్రానాణ్యతా సూచిక, 2000లో 8 అంశాల ఏథెన్స్ మాపని వెలువడ్డాయి. ఇవి అందరికీ ఉద్దేశించినవి. ముట్లుడిగిన స్త్రీలకోసం అమెరికాలోని విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ రూపొందించిన 5 ప్రశ్నల మాపనిని లెవిన్ బృందం 2003లో పరీక్షించి ప్రకటించింది. నిద్ర పట్టడంలో కష్టం, నడుమ మెలకువలు, అనుకున్న వేళకు ముందే లేవడం, తిరిగి నిద్రపట్టకపోవడం, మొత్తంమీద నిద్ర తీరు అందులోని అంశాలు. గత 4 వారాల అనుభవానికి 0 నుంచి 20 వరకు గుణాంకం వస్తుంది. మళ్ళీ అడిగినా దగ్గరి ఫలితం రావడం విశ్వసనీయత. కొలవదలచినదానినే కొలవడం సప్రమాణత.

విశాఖ నేపథ్యం

కోనేరు రామకృష్ణారావు 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పారు. అనంతరం రుషికొండలోని గీతం విశ్వవిద్యాలయానికి కులపతిగా ఉన్నారు. తిరుపతిలో పి.వి. రామమూర్తి వార్ధక్య మనస్తత్వ పరిశోధనకు పునాది వేశారు. ఇటువంటి విద్యాసంప్రదాయం ఉన్నచోట పరభాషా మాపనిని యథాతథంగా స్వీకరించడం తగదు.

రుషికొండ తీరంలో చేపలమ్మే ముసలమ్మకు 'అనుకున్న వేళ'ను నిర్ణయించేది సముద్రం. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చే ఉక్కు కార్మికునికి తలుపు తీసే తల్లికీ నడుమ మెలకువ వస్తుంది. పనికోసం లేచినదానినీ, నిద్రపట్టక లేచినదానినీ ఒకే అంకెతో గుర్తిస్తే సప్రమాణత దెబ్బతింటుంది. కాబట్టి మెలకువకు కారణాన్ని వేరుగా అడగాలి.

భాషాసమస్య

1970లో బ్రిస్లిన్ వివరించిన తిరుగు అనువాద పద్ధతి నేటికీ ఆదరణలో ఉంది. అయితే 'నిద్రలేమి' అన్న మాట తిరుగు అనువాదంలో చక్కగా నిలుస్తుంది. చదువుకోని అవ్వ దగ్గర నిలవదు. ఆమె 'కునుకు పట్టలేదు', 'రాత్రంతా దొర్లాను' అంటుంది. పాఠ్యపుస్తకం ప్రజల నోటి భాషలో ఉండాలని గిడుగు రామమూర్తి వాదించింది ఈ ఉత్తరాంధ్రలోనే. ఆ వాదం ప్రశ్నావళికీ వర్తిస్తుంది.

ముగింపు

అనువాదం సరిపోయిందా అన్నది భాషావేత్త తేల్చగలడు. ప్రశ్న అర్థమైందా అన్నది తేల్చవలసినది జవాబిచ్చే స్త్రీయే. కనుక గణాంక పరీక్షకు ముందు ప్రతి ప్రశ్ననూ ఆమెకు చదివి వినిపించి, ఏమి అర్థమైందో ఆమె మాటల్లోనే చెప్పించుకోవాలి. మాపని నిర్మాణంలో తెలుగు శాఖకు స్థానం ఉండవలసింది అక్కడే.