పుల్ల మీది నంబరే వరికి పేరైంది

"ఈసారి టెన్ టెన్ వేశావా, బీపీటీ వేశావా?" అని అడుగుతాం కదా అన్నా. ఆ పేర్లు పరిశోధన మళ్లలో పుట్టినవే. ఎంటీయూ అంటే మార్టేరు, బీపీటీ అంటే బాపట్ల, ఆర్ఎన్ఆర్ అంటే మన హైదరాబాద్ రాజేంద్రనగర్. పక్కనుండేది ఆ స్టేషన్ వాళ్లు ఇచ్చిన నంబరు.

వందల రకాలు పక్కపక్కనే పెరిగే చోట పైరు చూసి ఏది ఏదో చెప్పలేం. అందుకే ప్రతి రకం దగ్గరా నంబరు రాసిన పుల్ల ఉండాలి. పుల్ల తారుమారైతే ఏళ్ల కష్టం మట్టిపాలే.

1982లో వచ్చిన ఎంటీయూ 7029కి స్వర్ణ అని, 1986 నాటి బీపీటీ 5204కి సాంబ మసూరి అని మంచి పేర్లే పెట్టారు. అయినా మన నోట ఆ నంబర్లు ఇంకా పోలేదు.

కూరగాయల మడిలోనూ అంతే. రెండు రకాల వంగనారు పక్కపక్కన పోస్తే తేడా తెలీదు. వెదురు బద్ద జానెడు చీల్చి, ఒకవైపు నున్నగా చెక్కి, రకం పేరు, విత్తిన తేదీ పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా వానకు కారిపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది. విత్తనానికి వదిలిన చెట్టు దగ్గరా ఒకటి గుచ్చండి. గింజ ఎండాక ఆ బద్దనే విత్తనాల మూటలో వేయండి.

నాటు విత్తనానికి స్టేషన్ నంబరు లేదు. మనం రాయకపోతే దాని పేరు మనతోనే పోతుంది.