మదనపల్లె సూది, మద్రాసు వాదం

మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి పునాది 1912లో పడింది. పలు ప్రొటెస్టెంట్ మిషన్లు కలిసి పెట్టిన ఈ శానిటోరియానికి డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ సారథి. 1915లో అది ఇప్పుడున్న చోటికి మారింది. క్షయకు మందే లేని రోజులవి. మిట్ట ప్రాంతపు పొడి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇదే వైద్యం. ఇంట్లో ఒకరికి టీబీ ఉందంటే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని కుటుంబాలు జబ్బును దాచేవి.

1948లో దేశంలో క్షయను అడ్డుకునే బీసీజీ టీకాను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. ముందు ముంజేతికి చిన్న సూది వేసి, మూడు రోజుల తర్వాత ఆ చోటు వాచిందేమో చూసేవారు. వాపు లేకపోతే, అంటే క్రిమి ఇంకా సోకలేదని తేలితే, భుజానికి టీకా వేసేవారు. అక్కడ పుండు లేచి, మానాక మచ్చ మిగిలేది. 1951 నుంచి ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో ఇది దేశవ్యాప్త ఉద్యమమైంది.

1955లో మద్రాసు మాజీ ముఖ్యమంత్రి రాజాజీ ఈ టీకాపై గొంతెత్తారు. బతికున్న క్రిములను పిల్లల ఒంట్లోకి ఎక్కించడం తగదంటూ ఏకంగా ఒక పుస్తకమే వేశారు. గాంధీ మశూచి టీకాను కాదన్నవారు కావడంతో ఈ అనుమానానికి జాతీయోద్యమంలో పాత వేళ్లే ఉన్నాయి. విదేశీ డబ్బుతో మన జనం మీద ప్రయోగమా అన్న ప్రశ్న స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సులభంగా అతుక్కుంది. అవతలి వైపు టీకా పథకాన్ని నడిపిన కేంద్ర ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ కూడా గాంధీ శిష్యురాలే, ఆయనకు కార్యదర్శిగా పనిచేశారు. రాజాజీ గాంధీకి వియ్యంకుడు. గురువు ఒక్కరే అయినా, ఒకరికి టీకా కొత్త దేశం నిలబెట్టుకోవలసిన విజ్ఞానంగా కనిపించింది, మరొకరికి ప్రకృతికీ స్వేచ్ఛకూ అడ్డొచ్చే సర్కారీ బలవంతంగా కనిపించింది. ఎవరు ఏ గుంపులో తమను చూసుకున్నారో, సూదిని ఆ కళ్లతోనే చూశారు.

అప్పట్లో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉన్న చిత్తూరు జిల్లా 1953 అక్టోబరు 1న మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్రలో చేరింది. అందువల్ల వాదన మద్రాసులో సాగుతుంటే, టీకా పనిచేస్తుందా అన్న లెక్క మాత్రం సరిహద్దు ఇవతల సాగింది. క్రిస్టియన్ కొడుకు యోహానెస్ ఫ్రిమోట్-మోలర్ బృందం 1950 నుంచి మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో కొందరికి టీకా వేసి, కొందరికి వేయకుండా, దాదాపు 10 వేల మందిని ఏళ్ల తరబడి గమనించింది. 1973లో వెలువడిన ఫలితాల్లో కొంత రక్షణ కనిపించింది, కాని అది బలమైనదీ కాదు, నిలకడైనదీ కాదు. 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో మొదలైన ఇంకా పెద్ద పరీక్షలో పెద్దల ఊపిరితిత్తుల క్షయకు ఈ టీకా పనిచేయలేదని తేలింది.

టీకా గురించి చెప్పినంత మేలు లేదన్న రాజాజీ అనుమానంలో కొంత నిజముందని లెక్కలు చూపాయి, అది ప్రమాదమన్న భయాన్ని మాత్రం బలపరచలేదు. పసిపిల్లల్లో మెదడు పొరలకు సోకే క్షయ వంటి తీవ్రమైన రూపాలను బీసీజీ అడ్డుకుంటుంది. అందుకే నేటికీ దేశంలో పుట్టిన బిడ్డకు ఆ టీకా వేస్తున్నారు.