‘ఎగ్రీజియస్’ శబ్దము: వ్యుత్పత్తి, రూఢి

ఒక సన్మానపత్రమున నొక వృద్ధపండితుని ‘ఎగ్రీజియస్ స్కాలర్’ అని యాంగ్లమునఁ గొనియాడిరి. వ్రాసినవాఁడు వ్యుత్పత్తి నెఱిఁగినవాఁడే, రూఢి నెఱుఁగఁడు.

లాటినునందు ‘గ్రెక్స్’ అనఁగా మంద. ‘ఎ’ యను నుపసర్గకు వెలికి అని యర్థము. మందనుండి వేఱుపడినది, కావున శ్రేష్ఠము. 16వ శతాబ్దియం దాంగ్లేయు లీ శబ్దముతో నుత్తములను బ్రశంసించిరి. ఆ శతాబ్దియందే, వ్యాజస్తుతివలనఁ గాఁబోలు, నిందార్థమును బొడసూపెను. క్రమముగా స్తుతి లోపించి నింద నిలిచెను. నేఁ డిది ఘోరమైన తప్పిదములకే చెల్లును. ఇటాలియనునందలి దీని సోదరశబ్దము ‘ఎగ్రేజో’ మాత్రము జాబుల శిరోభాగమున గౌరవవాచకమై నేఁటికిని నిలిచియున్నది!

వ్యుత్పత్తి తెలుపునది వేఱుపాటును మాత్రమే. గుణదోషములను నిర్ణయించునది రూఢి. ‘డిస్టింక్టివ్’ అనునది గోవునకు గంగడోలువలె వ్యావర్తకధర్మమును జెప్పి యూరకుండును. ‘డిస్టింగ్విష్డ్’ అనునది మన్ననను గూడఁ జెప్పును. ఆ పత్రమున నుండవలసిన దీ రెండవదియే.

మన ‘సాహసము’ ఎగ్రీజియసునకు విలోమముగా నడచినది. మనుస్మృతియందు వివాదపదములలోఁ బరిగణింపఁబడిన బలాత్కారకృత్యము, తెలుఁగు వ్యవహారమునఁ బెక్కుచోట్ల శౌర్యమై ప్రశంస నందినది.