జ్వరము వెనుక కేశపతనము

విషజ్వరము తగ్గి లేచిన స్త్రీకి రెండు మూడు నెలల పిదప దువ్వెన నిండ జుట్టు ఊడివచ్చుట మన ఇండ్లలో పూర్వమునుండి ఎరిగినదే. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా పిదపను, 2020 నాటి కోవిడ్ పిదపను పలు దేశములలో ఇట్లే జరిగినది. అయినను నడుమ ఇంత వ్యవధి యుండుటచే, నెపము నూనె మీదనో, నీటి మీదనో, దిష్టి మీదనో పడుచువచ్చెను.

ఆ వ్యవధికి హేతువును వివరించి, 1961లో ‘టెలోజెన్ ఎఫ్లూవియం’ అని పేరిడినవాడు అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్. తలపై సుమారు లక్ష వెండ్రుకలుండును. అందు నూటికి 85కు పైగా పెరుగుచుండును. తక్కినవి సుమారు మూడు నెలలు విశ్రమించి రాలును. దినమునకు నూరు వరకు రాలుట సహజమే. తీవ్రజ్వరము, ప్రసవము, శస్త్రచికిత్స, మనోవ్యథ మున్నగువానిచే పెక్కు వెండ్రుకలు ఒక్కమారుగా విశ్రాంతికి పోవును. నేడు రాలునది నాటి దెబ్బకు ఫలితము, కుదుళ్లు చావవు. కారణము తొలగినచో సాధారణముగా ఆరు మాసములలో రాలుట తగ్గును.

పాపిట క్రమముగా వెడల్పగుట వేరు. జర్మను వైద్యుడు లూడ్విగ్ 1977లో దానిని మూడు దశలుగా వర్గీకరించెను. దాని చికిత్సకు ఆలస్యము తగదు.

కావున సోదరీమణులారా, ఊడిన వెండ్రుకలను లెక్కించుటకన్న, మూడు నెలల వెనుకటి సంగతిని జ్ఞప్తికి తెచ్చుకొని వైద్యునికి చెప్పుట మేలు. రక్తహీనతయు, థైరాయిడ్ లోపమును కలవేమో పరీక్షింపజేసికొనవలెను.